బొట్టుబిళ్ల సాక్ష్యం

లాక్‌డౌన్ ఎత్తేసి నెల దాటినా సుమన్ పనిచేసే మగ్గాల షెడ్డు తాళం తీయలేదు. ఇల్లు గడవడం గగనమైంది. అందుకే పాండేసరాలోని ఓ మిల్లులో బట్ట చెక్ చేసే మిషన్ మీద ఒక్కరోజు చేసి చూపించమన్నప్పుడు అతని భార్య భాగ్యలక్ష్మి ఎగిరి గంతేసింది. సాయంత్రానికి మిల్లు యజమాని సేఠ్ సరే అంటే ఉద్యోగం, లేదంటే తాముండే డిండోలి గదిలో మళ్లీ గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడమే.

సేఠ్‌కు కరోనా అంటే హడల్. ఇల్లు కదలడు, ఫోన్లో వీడియో కాల్ పెట్టించుకుని పని చూస్తాడు. ఆ రోజు వచ్చింది ఏటవాలు చారల చీర బట్ట. మిషన్ ముందంతా రేకు, మధ్యలో అడ్డంగా పొడవాటి సందు. పైనుంచి దిగే బట్ట ఆ సందులోంచే కనబడుతుంది.

వీడియో చూడగానే సేఠ్ మండిపడ్డాడు. బట్ట కుడిపక్కకు జారిపోతోందట, ఆడమనిషికి మిషన్ ఇస్తే ఇంతేనట, ఆపమన్నాడు. మెకానిక్ దశరథం తొంగిచూస్తే అతనికీ పక్కకే పోతున్నట్టుంది. పాపం, భాగ్యలక్ష్మికీ అలాగే కనిపించింది.

కానీ కింద చుట్టుకున్న బట్ట అంచులు కత్తిరించినట్టు సమంగా ఉన్నాయి. పక్కకు జారే బట్ట ఇలా చుట్టుకుంటుందా? ఆ మాటే చెప్పింది. కళ్లతో చూసిందే నమ్ముతానన్నాడు ఆ మొండిఘటం. సరే, కళ్లకే చూపిద్దామనుకుంది. సందులో చారల కొసలు కనబడవు. అంతా ఒకే తీరున్న గీతలో ఏ ముక్క ఎటు కదిలిందో కన్ను మాత్రం ఎలా పట్టుకుంటుంది? సందు ఎటు పొడుగ్గా ఉంటే అటే పోతోందనుకుంటుంది. దానికో గుర్తు కావాలి.

నుదుటి మీది ఎర్ర బొట్టుబిళ్ల తీసి, సందు పైభాగంలో బట్టకు అంటించింది.

"దశరథమన్నా, జర మిషన్ నడిపియ్. గీతలను కాదు, బొట్టును చూడమను సేఠ్‌ను."

బొట్టు నిట్టనిలువుగా కిందికి దిగింది. దాంతోపాటే చారలన్నీ బుద్ధిగా కిందికి దిగాయి. బొట్టు దాటిపోగానే మళ్లీ కుడికి పరుగు. సేఠ్ ఇంకోసారి అంటించమన్నాడు, మరోసారి అన్నాడు. చివరికి పగలబడి నవ్వి, రేపట్నుంచి పనిలోకి రమ్మన్నాడు. మాస్కు వెనక భాగ్యలక్ష్మి మొహమంతా నవ్వే. పట్టరాని సంతోషంతో ఆ బొట్టును రేకు మీదే అంటించి వచ్చింది.

ఇంటి గుమ్మంలోనే అత్త ఎల్లవ్వ ఆమెను చూసి కంగారుపడింది. "ఏందే, నొసలు బోసిగున్నది?"

"మిషన్ మీద పెట్టొచ్చిన అత్తా. రేపటి సంది బొట్టు డ్యూటీ అక్కడనే, నాది గూడ."