వావిలాకు కాచిన కాగు

నేను ఒక రాగి కాగుని తల్లీ. పొట్ట పెద్దది, మెడ పొట్టిది, మాట మొదలుపెడితే ఆపడం చేతకాదు. అజ్జరంలో కంచరి వీరయ్య నన్ను సుత్తితో కొట్టి కొట్టి ఈ ఆకారానికి తెచ్చాడు. ఆ దెబ్బలు ఇప్పటికీ ఒంటి మీద గుంటలు గుంటలుగా ఉన్నాయి, కావాలంటే తడిమి చూడు.

సుభద్రమ్మ కాపురానికి వస్తూ నన్ను సారెలో తెచ్చుకుంది. ఆమె అత్తారి దొడ్డి చుట్టూ వావిలి కంచె ఉండేది. ఎవరూ నీళ్ళు పోసి ఎరుగరు, దాని మానాన అది పెరిగేది. పురుడు పోసుకున్నవాళ్ళకి ఆ ఆకు దూసి నాలో మరిగించి పోసేవారు. సుభద్రమ్మకీ, తోటికోడళ్ళకీ, వీధి చివరి నరసమ్మకీ నీళ్ళు కాచింది నేనే. చెంబుడు పడగానే "అబ్బ, నడుం తిరిగొచ్చిందే" అనేవాళ్ళు. ఆ మాట కోసం ఎంత మసైనా పట్టించుకునేదాన్ని కాదు.

తరువాత సుభద్రమ్మ భర్త గంగాధరం కొత్త ఇల్లు కట్టించాడు. కంచె పీకించి పచ్చిక పరిపించాడు. కత్తిరిస్తే పెట్టెల్లా నిలబడే విదేశీ మొక్కలు నాటించాడు. పూటపూటకీ నీళ్ళు తాగుతాయి గాని, వాటి మీద ఒక్క తేనెటీగ వాలగా నేను చూడలేదు. నన్ను కూడా వదల్లేదు. అడుగున చిల్లి పొడిపించి, మట్టి నింపి, గేటు పక్కన అలాంటి మొక్కకే కుండీని చేశాడు. మనుషులు కోపంతో పాడుచేసేదానికంటే ముచ్చటపడి పాడుచేసేదే ఎక్కువ.

ఈ శ్రావణంలో కూతురు మాధురి ఇక్కడే పురుడు పోసుకుంది. నడుం పట్టేసి, పిల్లని ఒళ్ళో పెట్టుకుని పాలివ్వలేకపోతోంది. డాక్టరమ్మ బిళ్ళలిచ్చి, వేడినీళ్ళ స్నానం మంచిదే అంది. సుభద్రమ్మ వావిలాకు కోసం వీధంతా తిరిగి, ఖాళీ సంచీతో వచ్చి నా పక్కన కూలబడి, గేటు దగ్గరున్న భర్తతో అంది.

"ఎక్కడా ఆకే లేదండీ. అన్ని గేట్ల ముందూ మీ పెట్టె మొక్కలే."

"బజార్లో పొడి దొరుకుతుందేమో కనుక్కోవే."

"పొడేంటండీ? మనల్ని చూసే కదా అందరూ పీకించారు. ఇప్పుడు మీరే వెళ్ళి మళ్ళీ వెయ్యమని చెప్పండి."

"నవ్వుతారే. ఆ నర్సరీ అతన్ని అందరికీ చూపించింది నేనే."

"నవ్వనివ్వండి. లోపల మీ మనవరాలు ఏడుస్తోంది, వినపడట్లేదా?"

మర్నాడు ఆయన స్కూటరు మీద రేవు దాటి వెళ్ళి ఒక మోపు వావిలి కొమ్మలు తెచ్చాడు. నేను చిల్లి పడ్డదాన్ని, అల్యూమినియం డేగిసాలో కాచారు. ఆకు రెండు స్నానాలకే సరిపోయింది. మిగిలిన పుల్లలు పట్టుకుని ఆయన ఇంటింటికీ వెళ్ళాడు.

"పాములొస్తాయండీ గంగాధరంగారూ" అన్నాడు ఎదురింటి సూర్యం.

"నీ పచ్చిక మీదకి పాపం అవి కూడా రావట్లేదు కదయ్యా. ఒక్క పుల్ల గుచ్చి చూడు."

కొందరు తీసుకున్నారు. కొందరు మొహమాటానికి తీసుకుని గోడ వార పడేశారు. నాలో మొక్క పీకి, ఆయన తన చేత్తో ఒక పుల్ల గుచ్చాడు.

దాని చివర మిగిలిన నాలుగాకులూ రాలిపోయాయి. మాధురి ఇంకా పడుకునే పాలిస్తోంది. సుభద్రమ్మ రోజూ వచ్చి నా మట్టి మీద చెయ్యి వేసి చూసి వెళుతుంది. ఎన్ని పురుళ్ళకో నీళ్ళు కాచిన నాకు, ఇప్పుడు నేనే కడుపుతో ఉన్నట్టు దిగులుగా ఉంది. లోపల వేరు కదిలితే ముందు నాకే తెలుస్తుంది. ఇంకా కదల్లేదు.