పొగబండి పగ

ముక్కుకి తుండుగుడ్డ బిగించి కట్టుకుని, ఏకే మిషను నోట్లోకి పాత దూదిని పిడికెడు పిడికెడుగా తోస్తున్నాడు పొగబండి. ఉండలు కట్టిన దూది అవతలి వైపు విడివడి, తేలికై, పొంగి పడుతోంది. అందులో సగం గాల్లోకే లేస్తోంది. కనుబొమల మీద, చెవుల మీది వెంట్రుకల్లో, చొక్కా మడతల్లో అంతా దూదే. పని మొదలైన కాసేపటికే నల్లటి మనిషి తెల్లగా నెరిసిపోతాడు.

పరుపుల కార్ఖానాలో అతని అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. సిగరెట్టు ఒకటి ఆరకముందే ఇంకోటి అంటించేవాడు గనుక ఆ పేరొచ్చింది. మానేసి ఏడాది దాటింది. "పొగ పోయింది, బండి మిగిలింది" అని కుట్టేవాళ్ళు నవ్వుకుంటారు. అతను నవ్వడు.

"అన్నా, మనసు లాగుతోంది."

గుమ్మంలో మేస్త్రి నిలబడి ఉన్నాడు. పొగబండి మిషను ఆపి, ఒళ్ళు దులుపుకుని వెంట నడిచాడు. కుళాయి దగ్గర ఇద్దరూ నీళ్ళు తాగారు. చెరో లవంగం బుగ్గన పెట్టుకుని గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. మేస్త్రి వేళ్ళు వణుకుతున్నాయి. ఆ వణుకుని పొగబండి కళ్ళారా చూసుకున్నాడు.

"నువ్వు లేకపోతే నేను నిలబడేవాణ్ణి కాదన్నా."

"ఊఁ."

చూసేవాళ్ళకి అది స్నేహం.

ఒకప్పుడు ఇక్కడ మేస్త్రి పొగబండే. ఇప్పటి మేస్త్రి, వీడు, అతని చేతికింద కుట్టు నేర్చుకున్నవాడు. "ఒరేయ్" అంటే చాలు, "అన్నా" అని పరుగెత్తుకొచ్చేవాడు. ఒకరోజు భోజనాల వేళ దూది గది అంటుకుంది. కిటికీ దగ్గర నిలబడి సిగరెట్టు పీక విసిరింది వీడు. పొగబండి చూశాడు. ఆర్పబోయి చేతులు కాల్చుకున్నాడు కూడా. తీరా ఓనరు వచ్చి "ఎవడ్రా?" అని గద్దించేసరికి అందరి చూపూ పొగబండి మీదికే పోయింది. వేరే సాక్ష్యం దేనికి, పేరే సాక్ష్యమాయె. "నేను కాదు బాబూ, వాడు" అంటే, చేతికింది వాడి మీదికి నెడుతున్నాడని ఛీకొట్టారు. వాడు మాత్రం తలొంచుకుని నేల చూశాడు. నోరు విప్పలేదు.

ఏకై వచ్చినవాడు మేకై కూర్చున్నాడు. వాడు మేస్త్రి అయ్యాడు, పొగబండి దుమ్ములో పడ్డాడు. పనిలోంచి తీసెయ్యకపోవడమే పదివేలన్నారు.

"పాత గొడవ, పోనిద్దురూ," అంటుంది భార్య అన్నం వడ్డిస్తూ. "కడుపులో పెట్టుకుంటే మీకే అరగదు."

"అరగకపోనీ."

తర్వాత కొన్నేళ్ళకి వీధి చివరి ఆసుపత్రి నుంచి ఒక నర్సమ్మ వచ్చింది. పొగ మానాలనుకునేవాళ్ళని కూర్చోబెట్టి, ఇద్దరిద్దరిని జంట కట్టింది. మనసు లాగితే జంటని పిలవాలి. తప్పితే ప్రతి శుక్రవారం కూర్చున్నప్పుడు ఓనరుతో సహా అందరి ముందూ ఒప్పుకోవాలి. "నీ జంట ఎవరు?" అని అడిగితే పొగబండి లేచి మేస్త్రి వైపు వేలు చూపించాడు. ఎంత పెద్ద మనసో అనుకున్నారంతా. అతని మనసులో ఉన్నది వేరు. వీడు మాట మీద నిలబడే రకం కాదు, ఎప్పుడో ఒకప్పుడు తప్పుతాడు. అప్పుడు ఓనరు ఎదుట వాడి చెయ్యి పట్టి పైకెత్తి, "ఆనాడు పీక విసిరిన చెయ్యి కూడా ఇదే" అనాలి. ఆ మాట అనాలంటే ముందు తన చెయ్యి శుభ్రంగా ఉండాలి. ప్రాణం గిలగిల్లాడినప్పుడల్లా వాడి మొహం తలుచుకుని పళ్ళు బిగపట్టాడు. భార్య ఏడుపుకి, పిల్లల ఒట్లకి లొంగని అలవాటు పగకి లొంగింది.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక మేస్త్రి కనబడలేదు. పిలవనూ లేదు. పొగబండి వెతుక్కుంటూ షెడ్డు వెనక్కి వెళ్ళాడు.

గోడకి ఆనుకుని గొంతుక్కూర్చుని ఉన్నాడు మేస్త్రి. మొహమంతా చెమట. పెదవుల మధ్య సిగరెట్టు. అగ్గిపుల్ల గీస్తున్నాడు, చేతి తడికి వెలగడం లేదు.

పొగబండి గోడ మూలనే ఆగిపోయాడు. వెలిగేదాకా ఆగితే చాలు. ఒక్క దమ్ము.

"ఆగన్నా, వెలిగించాక వెళ్ళి చెబుదువుగాని," అన్నాడు మేస్త్రి తలెత్తకుండానే. "దీనికోసమేగా ఇన్నాళ్ళూ కాచుక్కూచున్నావు."

పొగబండి ఒక అడుగు ముందుకేశాడు.

"నాకు మొదట్నించీ తెలుసు. తెలిసే ఒప్పుకున్నా. పెళ్ళామైతే జాలిపడి పోనీ ఒక్కటి కాల్చుకోమంటుంది. స్నేహితుడైతే తనూ ఒకటి అంటిస్తాడు. పగోడొక్కడే వదలడు." ఊపిరి కూడదీసుకున్నాడు. "ఇవాళ మరీ గుండె పట్టేసినట్టుందన్నా. ఒక్కటి కాలిస్తే సర్దుకుంటుందేమోనని..."

పొగబండి వంగి ఆ సిగరెట్టుని వాడి పెదవుల మీంచి లాగి, కాలికింద వేసి నలిపాడు. నోటిదాకా వచ్చిన ముద్దని తనే నేలపాలు చేసుకున్నాడని తెలిసొచ్చి, ఆ కోపం కూడా వాడి మీదికే తిరిగింది.

"అంత తేలిగ్గా వదిలేస్తాననుకున్నావురా? కాల్చి చస్తే నీకు సుఖం. నువ్వు బతకాలి. బతికి రోజూ నా మొహం చూడాలి."

మేస్త్రి అయ్యాక వాణ్ణి అతను 'రా' అనడం అదే మొదలు. వాడు చిన్నగా నవ్వాడు.

"ఆ పీక నాదేనన్నా."

"నాకు తెలీదా? నాకెందుకు చెప్తావు? శుక్రవారం చెప్పు. ఓనరు ముందు, అందరి ముందూ."

"చెప్తా."

"ఒట్టెయ్యి."

మేస్త్రి అతని అరచేతిలో అరచెయ్యి వేశాడు. చల్లగా, తడిగా ఉంది. పొగ మీదికి మనసు లాగినప్పటి చెమటేలే అనుకున్నాడు పొగబండి. ఏడాదిగా చూస్తున్న చెమటేగా.

"నీళ్ళు తాగి పని చూసుకో, ఫో."

మళ్ళీ మిషను దగ్గరికొచ్చాడు. దాని రొద ఆ పూట పాటలా వినిపించింది. శుక్రవారం భార్యని కూడా తీసుకురావాలి. ఓనరు మొహం ఎలా మాడిపోతుందో ఆవిడా చూడాలి. ఇస్త్రీ చొక్కా వేసుకోవాలి. అలా ఊహించుకుంటూ ఉండగానే ఎవరో వచ్చి మిషను ఆపేశారు.

మేస్త్రి కుడుతున్న పరుపు మీదే ఒరిగిపోయాడు. కునుకు తీస్తున్నాడనుకుని ఎవరూ లేపలేదట. నర్సమ్మ పరుగున వచ్చి, మణికట్టు పట్టుకుని చూసి, మెల్లగా కింద పెట్టింది.

"నొప్పిగా ఉందని ఎవరితోనైనా అన్నాడా?" అని అడిగింది చుట్టూ చూసి.

పొగబండి తలొంచుకుని నేల చూశాడు. నోరు విప్పలేదు.

సాయంత్రం శవాన్ని వ్యాను ఎక్కించాక, దాని డ్రైవరు గేటు దగ్గర సిగరెట్టు పెట్టె తీసి ఒకటి ముట్టించుకుని, పొగబండి వైపు చాపాడు.

"తీసుకో పెద్దాయనా. చుట్టమా?"

"నా జంట."

చెయ్యి సగం దాకా వెళ్ళింది. అంతలో ఒళ్ళు భగ్గుమంది. దొంగవెధవ, ఒట్టు తీర్చకుండా జారుకున్నాడు. పైగా ఒక్కటీ కాల్చకుండా పోయాడు. చచ్చినవాడు ఇక ఎన్నడూ తప్పడు. వాడి దగ్గర ఓడకూడదంటే తనూ చచ్చేదాకా ముట్టకూడదు.

"వద్దు," అన్నాడు పళ్ళ బిగువున.

వ్యాను వెళ్ళిపోయింది. కుట్టేవాళ్ళు ఇళ్ళకి పోయారు. అతను కుట్టు గదిలోకి వచ్చాడు. మధ్యలో పరుపు ఒకటి సగం కుట్టి ఉంది. మూయని అంచున దబ్బనం నిలువునా గుచ్చి ఉంది, దాని బెజ్జంలోంచి దారం ఇంకా బారెడు వేలాడుతోంది.