వక్కపొడి డబ్బాలో పసుపు బిళ్లలు

నేను ఒక ఇత్తడి వక్కపొడి డబ్బాని. పుట్టింది కంచరి కొట్టులో. అరచేతిలో ఇమిడే ఒళ్లు, మూత మీద ఒక సొట్ట. ఆ సొట్ట వాసంతి వాళ్ల అమ్మమ్మ పుణ్యం. మనవరాల్ని చంకనెత్తుకుని బడికి మోసే రోజుల్లో నన్ను రోడ్డు మీద జారవిడిచింది. వాసంతి వెన్ను మూసుకోకుండా పుట్టిన పిల్ల. ఆపరేషన్ చేసి మూశారు గానీ ఎడమకాలు చచ్చుబడింది. ఇప్పటికీ ఆ కాలికి ఇనపకడ్డీల క్యాలిపర్ కట్టుకునే నడుస్తుంది. అమ్మమ్మ పోతూ పోతూ నన్ను తనకిచ్చింది.

పెళ్లయ్యాక ఇద్దరం చీరాల వచ్చాం. వాసంతి మోటారు మిషను మీద జాకెట్లు కుడుతుంది, నేను ఆ మిషను సొరుగులో ఉంటాను. ఏడాది తిరిగాక తనూ మొగుడు భూషణమూ గుంటూరు వెళ్లి డాక్టరమ్మని కలిశారు. సంచిలో నేనూ ఉన్నాను.

"నీకున్నది బిడ్డకీ రావడానికి వందలో నాలుగైదు పాళ్లు అవకాశం ఉందమ్మా" అంది డాక్టరమ్మ. "అది తగ్గడానికి ఈ ఫోలిక్ మాత్ర రోజూ వేసుకో. మూడు నెలలు వేసుకున్నాకే బిడ్డ మాట. నెల తప్పిందని నీకు తెలిసేసరికే లోపల వెన్ను ఏర్పడిపోతుంది."

అత్తగారు సీతారత్నానికి ఈ సంగతి చెప్పలేదు. చెబితే అసలు పిల్లలే వద్దంటుందేమోనని వాసంతి భయం. మూడు నెలల మాత్రలూ అట్టల్లోంచి ఒలిచి నాలో పోసింది. మనుషులు అంతే, పక్కగదిలో మనిషిని నమ్మరు గానీ నన్ను నమ్ముతారు.

వారం గడవకుండానే సీతారత్నం వక్కపొడి కోసం నా మూత తీసింది. ఆ రోజు నుంచి కోడల్ని కనిపెట్టి చూసింది. రోజూ ఒక మాత్ర, అదీ చాటుగా. ఇంకేముంది, పిల్లలు పుట్టకుండా వేసుకుంటోందని తనంతట తనే తేల్చేసుకుంది. ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు. నా మాత్రలు పెరట్లో పారబోసి, ధర్మాసుపత్రిలో నోటిపూతకిచ్చిన పసుపు బిళ్లలు నాలో నింపింది. చూడ్డానికి అవీ ఇవీ ఒకటే. వాసంతి వాటినే మూడు నెలలు, ఒక్క పూట తప్పకుండా మింగింది. నాకు తెలుసు. తెలిసి ఏం లాభం?

నాలుగో నెలలో నెల తప్పింది. సీతారత్నం కోడలి నోట్లో బెల్లం ముక్క పెట్టి, నవ్వుతూ చెప్పింది.

"కోప్పడకే తల్లీ. ఆ మాత్రలు నేను పారేశాను గనకే కడుపు నిలిచింది."

వాసంతి బెల్లం నమల్లేదు, ఉమ్మలేదు. వెళ్లి మిషను ముందు కూర్చుని సగంలో ఉన్న జాకెట్టు పూర్తి చేసింది. సాయంత్రం భూషణం అసలు సంగతి తల్లికి చెప్పాడు. ఆ పూట ఆ ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. మర్నాడే అసలు మాత్రలు మళ్లీ తెచ్చారు.

ఐదో నెల స్కానింగులో బిడ్డ వెన్ను కింది పూసల దగ్గర మూసుకోలేదని తేలింది.

"ఆ మాత్రలు వేసుకునుంటే?" అనడిగాడు భూషణం.

"అప్పుడూ రావచ్చు, రాకపోనూ వచ్చు. చెప్పలేం" అంది డాక్టరమ్మ. ఉంచుకుంటారా అని అడిగింది.

"ఉంచుకుంటాం" అంది వాసంతి. "నాలాంటిదే కదా." ఏడవలేదు.

ఇప్పుడు నేను సొరుగులో లేను, వంటింటి గూట్లో ఉన్నాను. రోజూ పొద్దున్నే సీతారత్నం స్నానం చేసొచ్చి నా మూత తీసి, ఒక మాత్ర కోడలి చేతిలో పెడుతుంది. మంచినీళ్ల గ్లాసు పట్టుకుని, మింగేదాకా అక్కడే నిలబడుతుంది. ఆ మాత్రతో వెన్నుకి జరగాల్సిన మేలు జరిగే రోజులు ఎప్పుడో దాటిపోయాయి. ఆవిడకి ఆ సంగతి తెలియదు. వాసంతికి తెలుసు. చెయ్యి చాచి తీసుకుంటుంది, మింగుతుంది, గ్లాసు తిరిగి ఇచ్చేస్తుంది.