జానన్నర భుజం

ఆయా జావను ఇంకోసారి కలిపి తలుపువైపు చూసింది. ఎవరూ లేరు. అప్పుడు వంగి, తన భుజాలను టైలరు తాత చేతికందేలా పెట్టింది.

మతిమరుపు వార్డులో పదకొండో మంచం ఆయనది. భార్య పేరు మరిచాడు, ఉన్న వీధి మరిచాడు. చేతికి కొలత మాత్రం మిగిలింది. మహమ్మారి వచ్చి అందరి మూతులకూ గుడ్డలు కట్టాక, "ముసుగేసుకొచ్చేవాళ్ళంతా దొంగలే" అంటూ పళ్ళు బిగించేవాడు. ఒకరోజు దుప్పటి సర్దుతున్న ఆమె భుజాల మీద వణికే వేళ్ళతో జాన వేసి చూశాడు.

"జానన్నర. నువ్వా? ముందే చెప్పొద్దూ!" అని నోరు తెరిచాడు.

కాని రోగులను తాకడం నిషేధం. పైగా పరిశోధనకని వచ్చిన కాగితాలమ్మాయి, తాకకుండా పెడితే ఎన్ని చెంచాలు తిన్నారో రోజూ రాయమంది. మెత్తగా మాట్లాడుతుంది, మంచినీళ్ళు తాగారా అని అడుగుతుంది. పని లేనిదే పిల్లి కూడా కాళ్ళకు రాసుకోదని ఆయా అనుమానం. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం ఒక్క గీతతో పోతుందేమోనని పన్నెండు రోజులుగా 'తాకలేదు' గడిలోనే టిక్కు పెడుతోంది.

మధ్యాహ్నానికి ఆ టిక్కులే ఎదురుతిరిగాయి. పనివాళ్ళు మంచాల చుట్టూ ప్లాస్టిక్ తెరలు బిగించారు. చెంచా దూరేంత కంత.

"ఇప్పుడు చాలాచోట్ల ఇదే పెట్టి చూస్తున్నారు ఆంటీ. తాకకుండానే తింటున్నారని మీ కాగితాల్లో చూశాకే సార్ ఒప్పుకున్నారు," అంది కాగితాలమ్మాయి.

తాత తెరలోంచి వచ్చిన చెంచాను తోసేశాడు. సాయంత్రమూ అంతే.

"రాత్రికి ముక్కులో గొట్టం వేయిద్దాం," అన్నాడు సూపర్‌వైజర్.

పోయినసారి గొట్టం పీక్కోకుండా తాత చేతులు మంచానికి కట్టేశారు. ఆయా సూపర్‌వైజర్‌కు ఎదురెళ్ళింది.

"సార్, ఆ టిక్కులన్నీ అబద్ధం. నన్ను కొలిచాకే తింటాడు."

"తాకావు కదా, పద్నాలుగు రోజులు ఇంట్లో కూర్చో. తర్వాత సంగతి తర్వాత. నువ్వు లేకపోతే వార్డు నడవదా?"

"నడుస్తుంది సార్. తాత తినడు."

గుమ్మం దగ్గర కాగితాలమ్మాయి అడ్డొచ్చింది.

"మీ డ్యూటీ కోటు ఇచ్చి వెళ్ళండి ఆంటీ."

"దాన్నీ కాగితమెక్కిస్తావా?"

ఆ పిల్ల కోటు అందుకుంది. దానికి క్రిములు చంపే మందు కొట్టి, ఆరాక కుర్చీ వీపుకు తొడిగి, కుర్చీని తెర లోపలికి జరిపింది. ఆయా తలుపు అద్దంలోంచి చూస్తూ నిలబడింది. తాత చెయ్యి గాలిలో తడుముకుంది. కోటు భుజం దొరికింది. ఈ చివర నుంచి ఆ చివరకు జాన. ఆపైన సగం.

నోరు తెరిచాడు.

ఆయా గుండె కుదుటపడింది. మరుక్షణమే చివుక్కుమంది: అయితే కోటు చాలా? ఇన్ని రోజులూ ఈ పిల్ల కాగితాల్లో వెతికింది ఇదేనా, మనిషి లేకుండా తినిపించే దారి? అడగడానికి లోపలికి రానివ్వరు. చెప్పులు వేసుకుని మెట్లు దిగింది.

కుర్చీ మీద నీలం కోటు కుడిచెయ్యి, చెంచా పట్టి పట్టి ముడతలు పడ్డ మోచేతి దగ్గర, కాస్త వంగే ఉంది.