వెనకదీపం లేనిది

పందొమ్మిదేళ్ళుగా మంగ్లు సాయంత్రాల్లో పలికే మాట ఒక్కటే. ఉంది.

బొర్రాకీ అరకుకీ మధ్య కొండ అంచున ఒక చిన్న స్టేషనులో అతను పాయింట్స్‌మన్. బండి ప్లాట్‌ఫారం దాటి, మలుపు తిరిగి, సొరంగంలో దూరేదాకా చేతిదీపం పట్టుకుని నిలబడతాడు. ఆఖరి పెట్టె వెనక ఎర్రదీపం కనబడాలి. రూలు పుస్తకంలో దాన్ని టెయిల్ ల్యాంపు అన్నారు. మంగ్లు వెనకదీపం అంటాడు. అది కనబడితే బండి మొత్తం పోయినట్టు. కనబడకపోతే దారిలో ఎక్కడో నాలుగు పెట్టెలు తెగిపోయి పట్టాల మీదే ఉండిపోయాయేమోనని అర్థం. అతను లోపలికెళ్ళి "ఉంది బాబూ" అంటాడు. స్టేషన్ మాస్టరు వరహాలరావు తల ఎత్తకుండా పుస్తకంలో రాసుకుని, వెనక స్టేషనుకి ఫోన్ చేసి లైను ఖాళీ అయిందంటాడు. అప్పుడు గాని అక్కడ ఇంకో బండి కదలదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ రూలు అతనికి ఒక్కసారి చెబితే చాలింది. వాళ్ళ ఊళ్ళో సంత నుంచి పొద్దుగూకాక తిరిగొచ్చేటప్పుడు అందరూ ఒకరి వెనక ఒకరు నడుస్తారు. అందరికన్నా వెనక నడిచే మనిషి చేతిలో వెదురు కాగడా ఉంటుంది. ప్రతి మలుపు దగ్గరా ముందువాళ్ళు తిరిగి చూస్తారు. మంట కనబడితే అందరూ ఉన్నట్టే. మంగ్లు చిన్నప్పుడు ఒకసారి కబుర్లలో పడి ఎవరూ వెనక్కి చూడలేదు. ఇంటికొచ్చాక చూస్తే నాయనమ్మ అసిరమ్మ లేదు. వెనక్కి పరుగెత్తారు. ఆమె ఉప్పుమూట పక్కన పెట్టుకుని దారి మధ్యలో కూర్చుని ఉంది. దెబ్బలేమీ తగల్లేదు. "నా మంట ఆరిపోనాది. మీరు సూళ్ళేదు" అని మాత్రం అంది. ఆ తర్వాత ఆమె బతికున్నన్నాళ్ళూ వెనక నడవలేదు.

రెండువేల మూడులో హెలికాప్టర్లు మొదలయ్యాయి. మొదట్లో పట్టపగలు వచ్చేవి. పిల్లలు చేతులూపేవాళ్ళు. తర్వాత పొద్దు వాలాక రావడం మొదలైంది, ఒక్క దీపమైనా లేకుండా. గాలికొండ వైపు నుంచి నల్లగా వచ్చి, స్టేషను మీదుగా ఒరిస్సా కొండల్లోకి పోయేవి.

"పోలీసోళ్ళవిరా. దీపం ఎలిగిస్తే కింద నుంచి అన్నలు కాలుస్తారని భయం" అన్నాడు వరహాలరావు. ఆయనది విజయనగరం దగ్గర పల్లె. ఇంగ్లీషు పేపరు చదువుతాడు, మాట మాత్రం మారలేదు.

"దీపం నేకపోతే దేన్నైనా గుద్దీదా బాబూ?"

"ఆకాశంలో ఏటుందిరా గుద్దడానికి? నీ ఇనపరాయి గూడ్సు బండా?"

మంగ్లు నవ్వాడు గాని, అది కాదు అతను అడిగింది. అడగదలచుకున్నదేమిటో అతనికే సరిగా తెలియలేదు. ఆ చప్పుడు కొండ దాటి పోయాక కూడా పోయినట్టుండేది కాదు. ఇంట్లో జావ తాగుతూ చెవి ఒగ్గేవాడు. అది ఇంకా ఈ రెండు కొండల మధ్యే ఎక్కడో ఉండిపోయిందనిపించేది. దానికి కొస లేదు. కొస చూడనిది పోయిందని ఎలా చెప్పడం?

నవంబరులో ఒక సాయంత్రం కిరండూల్ నుంచి ఇనపఖనిజం మోసుకొచ్చే గూడ్సు స్టేషను దాటుతోంది. మంగ్లు పచ్చదీపం పట్టుకుని నిలబడ్డాడు. సగం బండి పోయింది. హెలికాప్టరు ఎన్నడూ రానంత కిందికి వచ్చింది. షెడ్డు రేకులు గలగలలాడాయి. అది నెత్తి మీదుగా దాటిపోతుంటే దాని వెనక్కి చూశాడు. దీపం లేదు. అతని వేళ్ళు చేతిదీపం అద్దాన్ని ఎరుపుకి తిప్పేశాయి, చెయ్యి పైకి లేచింది. అంతా అయ్యాక గాని అతనికి తెలియలేదు. దీపం లేకుండా ఏది దాటినా ఎర్రదీపం చూపించమని పందొమ్మిదేళ్ళుగా ఆ చేతికి నేర్పింది అతనే.

హెలికాప్టరు తిరిగి వచ్చి స్టేషను చుట్టూ ఒక చుట్టు చుట్టి పోయింది. చివరనున్న బ్రేకు పెట్టెలోంచి ఎర్రదీపం చూసిన గార్డు గూడ్సుని ఆపేశాడు. సగం సొరంగంలో, సగం బయటా పద్నాలుగు నిమిషాలు ఆగిపోయిందది.

మర్నాడు పొద్దున్న జీపు వచ్చింది. ఎస్సై కుర్రవాడే, మర్యాదగానే మాట్లాడాడు.

"ఎర్రదీపం ఎవరికి చూపించావు?"

"దానికే బాబూ. పైన పోయిన హెలికాప్టరుకి. దానికి దీపం నేదు."

"నిన్న సాయంత్రం ఇక్కడ ఏదీ ఎగరలేదు."

ఏదీ ఎగరకపోతే తన దీపాన్ని పైనుంచి చూసిందెవరో మంగ్లుకి అర్థం కాలేదు. వరహాలరావు ఏదో అనబోయి, ఎస్సైగారికి టీ తెమ్మని కేకేశాడు.

"చూడు మంగ్లూ" అన్నాడు ఎస్సై. "ఎగిరిందని నువ్వంటే, దానికి దీపం ఉందో లేదో ఎందుకు కనిపెడుతున్నావని అడగాలి. ఎవరి కోసం కనిపెడుతున్నావని అడగాలి. ఆ మాటలు ఇక్కడ కావు, జీపెక్కి వెళ్ళి మాట్లాడుకోవాలి. ఎగరలేదన్నావంటే నాకిక్కడ పని లేదు. టీ తాగి పోతాను."

మంగ్లు తన చెప్పుల వైపు చూశాడు. "ఎగరనేదు బాబూ" అన్నాడు.

ఎస్సై టీ తాగి వెళ్ళిపోయాడు.

వరహాలరావు పెన్ను మూత కొరుకుతూ కూర్చున్నాడు. "ఆయనకి ఎగరనేదంటే సరిపోయింది. మన రైలోళ్ళకి సరిపోదు. పద్నాలుగు నిమిషాలు బండి ఎందుకాగిందో రాయాలి. గాలికి దీపం పట్టాడని రాస్తే నీ ఉద్యోగం ఊడతాది. నలుగురు పిల్లలు నీకు." కిటికీలోంచి కొండవాలుకేసి చూశాడు. "ఎలుగుబంటిరా. పట్టాల మీద ఎలుగుబంటి. దాన్ని సూసి నువ్వు ఎర్రదీపం ఊపావు. ఎవడు కాదంటాడు?"

ఎవరూ కాదనలేదు. వారం తర్వాత విశాఖపట్నం నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి ఎలుగు ఎంతుందని అడిగాడు. మంగ్లు చేతులు చాపి చూపించాడు. ఎటు పోయిందన్నాడు. పడమటి వాలులోకి అన్నాడు. ఇన్‌స్పెక్టరు కాగితాలు తిప్పి, డ్రైవరు కూడా ఎలుగుని చూశానని రాసిచ్చాడనీ, గార్డు అయితే పిల్లని కూడా చూశాడనీ చెప్పి నవ్వాడు. అలా ఎలుగుని ముగ్గురు చూశారు. హెలికాప్టరుని ఎవరూ చూడలేదు.

మంగ్లుకి భయం తగ్గింది. దాని స్థానంలో ఇంకేదో వచ్చి కూర్చుంది. దానికి పేరు తెలియలేదు. రాత్రుళ్ళు నిద్ర బాగానే పట్టేది, తిండి సయించేది. ఎలుగు గురించి అడిగినవాళ్ళకి చెబుతుంటే మాత్రం ప్రతిసారీ అది కొంచెం స్పష్టంగా కనబడేది. గుండె మీద తెల్లమచ్చ, ఎడమకాలు ఈడుస్తూ నడవడం. హెలికాప్టరు మాత్రం రోజురోజుకీ మసకబారింది.

ఒకరోజు పెళ్ళాం సోములమ్మ అన్నం వడ్డిస్తూ అడిగింది. "మావా, ఆ ఎలుగు ఇంకా అక్కడే ఉందంటావా?"

"ఏం?"

"పడమటి వాలుకి అడ్డాకులకి ఎల్డం మానీసాం గదా. రత్నాలు, నాను, ఇంకో ఆరుగురం. ఇటేపు ఆకులన్నీ కోసీసాం. కుట్టి సంతకి పట్టికెల్డానికి ఇస్తర్లు నేవు. రత్నాలేమో, మీ ఆయన సూసింది ఎలుగో, సాపాటుకొచ్చిన సుట్టమో కనుక్కో అంటంది." తనే నవ్వి, మళ్ళీ అడిగింది. "నిజంగా ఉందా?"

"ఉంది" అన్నాడు మంగ్లు.

అన్నాక ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయాడు. అదే మాట. స్టేషన్లో చెప్పేటప్పుడు ఎలా వస్తుందో అలాగే వచ్చింది. గొంతు కూడా మారలేదు. చూడనిదానికి ఆ మాట వాడడం అదే మొదటిసారి. సోములమ్మ తలూపి, అయితే ఇంకో వారం ఆగుతామంది.

స్టేషన్లో ఇంకో సంగతి జరిగింది. అది చాలా చిన్నది. వరహాలరావు ఇదివరకటిలా తల దించుకుని రాయడం లేదు. "ఉంది బాబూ" అనగానే తల ఎత్తి, మంగ్లు మొహంలోకి ఒక్క క్షణం చూసి, అప్పుడు రాస్తున్నాడు. అలా చూస్తున్నట్టు ఆయనకే తెలియదని మంగ్లు అనుకున్నాడు. అబద్ధం నేర్పింది ఆయనే, అయినా ఆయన కళ్ళు ఆయన మాట వినడం లేదు. కోపం రాలేదు. తనైనా అలాగే చూసేవాడు.

ఎలుగు వచ్చిన పదహారో రోజు సాయంత్రం ఎప్పటిలాగే గూడ్సు వచ్చింది. దాని వెనక అరకు వైపు స్టేషన్లో విశాఖపట్నం పోయే పాసింజరు లైను కోసం ఆగి ఉంది. మంగ్లు పచ్చదీపం పట్టుకున్నాడు. బండి దాదాపు దాటిపోతుండగా గాలికొండ వైపు నుంచి ఆ చప్పుడు మొదలైంది. మంగ్లు తల దించాడు. దించాలని అనుకోలేదు. ఎస్సై ముందు దించినట్టే, దానంతట అదే దిగింది. చేతిదీపం పిడివైపు చూస్తూ నిలబడ్డాడు. షెడ్డు రేకులు గలగలలాడి ఊరుకున్నాయి. తల ఎత్తేసరికి మలుపు ఖాళీగా ఉంది. సొరంగం నోరు నల్లగా ఉంది.

అతను వెనకదీపం చూడలేదు.

ఉండే ఉంటుంది. పందొమ్మిదేళ్ళలో మూడుసార్లే లేకపోయింది, ఆ మూడుసార్లూ చమురైపోయి ఆరిందే. ఉందని చెబితే నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు నిజమే అవుతుంది. చూడలేదంటే పాసింజరు ఆగుతుంది, ఎందుకు చూడలేదంటారు, జీపు వస్తుంది. గదిలోకి నడుస్తుంటే "ఉంది" అన్న మాట నాలుక మీదికి వచ్చేసింది. అతను పిలవలేదు. ఎలుగు కూడా ఇలాగే వచ్చింది.

వరహాలరావు తల ఎత్తి చూశాడు. "దీపం?"

"సూళ్ళేదు బాబూ."

"సూళ్ళేదా, నేదా?"

"ఉందో నేదో నాకు తెల్దు. నాను సూళ్ళేదు."

వరహాలరావు పాసింజరుని పంపొద్దని వెనక స్టేషనుకి చెప్పి, ముందున్న బొర్రా స్టేషనుకి ఫోన్ చేసి, గూడ్సు రాగానే దీపం చూసి చెప్పమన్నాడు. ఇద్దరూ ఫోనుకేసి చూస్తూ కూర్చున్నారు. బయట పూర్తిగా చీకటి పడింది. ఇరవై రెండు నిమిషాలకి ఫోను మోగింది. బండి మొత్తం వచ్చింది, దీపం వెలుగుతోంది.

వరహాలరావు పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు. "ఇప్పుడేటి రాయాల? మళ్ళీ ఎలుగా?"

"ఎలుగు వొద్దు బాబూ. మా ఆడోళ్ళు ఆ వాలుకి ఎల్డం మానీసారు."

"ఏడిసావు. అడ్డాకుల కోసం ఉద్యోగం వొదులుకుంటావేట్రా?"

"ఆకులు కాదు బాబూ." మంగ్లు మాటలు వెతుక్కున్నాడు. "నాను ఉందంటే మీరు నా మొకం సూత్తన్నారు."

వరహాలరావు చెవి గోక్కున్నాడు.

"పైన దీపం నేకుండా అది పోతంది. దాన్ని సూడకూడదని తల దించీసాను. అందుకే కిందది సూళ్ళేదు. అదే రాయండి."

"నువ్వు సెప్పేసి పోతావు. రాసీది నాను. సంతకం నాది. రేపు జీపొస్తాది, తెలుసా?"

"వొస్తాది బాబూ."

వరహాలరావు పెన్ను మూత తీశాడు. 'తల దించినందున' అని రాసి ఆగాడు. "ఎందుకు దించావో రాయకపోతే అర్థం ఉండదు గదా" అని తనలో తను గొణుక్కున్నాడు. మిగిలింది కూడా రాశాడు. 'దీపాలు లేని హెలికాప్టరు' అన్నచోట అక్షరాలు కొంచెం చిన్నవయ్యాయి. కింద 'పదహారు రోజుల కిందటి ఎలుగుబంటి రిపోర్టు కూడా సరికాదు' అని ఒక లైను చేర్చాడు. అది మంగ్లు అడగలేదు. ఇద్దరూ సంతకాలు పెట్టారు.

అరగంట లేటుగా పాసింజరు వచ్చింది. కిటికీల వెలుతురు మంగ్లు మొహం మీదుగా ఒకటొకటిగా జారిపోయింది. ఆఖరి పెట్టె మలుపు తిరిగేదాకా చూసి లోపలికొచ్చాడు.

"ఉంది బాబూ."

వరహాలరావు రాసుకున్నాడు. తల ఎత్తలేదు.

ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని, "ఎలుగు నేదే" అన్నాడు.

సోములమ్మ గరిటె ఆపింది. "సచ్చిందా?"

"ఎప్పుడూ నేదు."

ఆమె అతన్ని చూసింది. దీపం వెలుతురులో చాలాసేపు చూసింది. "మరి పదారు రోజుల ఆకులు నాకెవడిస్తాడు? ఆ ఎలుగిస్తాదా?" అని గరిటె గిన్నెలో పడేసింది. తర్వాత బయటికెళ్ళి పక్కింటి రత్నాలుని కేకేసింది.

పొద్దున్న జీపు వచ్చేసరికి సోములమ్మ, రత్నాలు, ఇంకో ఆరుగురు ఆడవాళ్ళు పడమటి వాలు మీద ఆకులు కోస్తున్నారు.