అరటిపండు కింద పొడుగు గీత

మరదలు పనికి వెళ్తూ బల్ల మీద మూత పెట్టిన గిన్నె చూపించింది. "అందులో ఉన్నది మాత్రమే పెట్టు వదినా. ఇంకేం వద్దు," అంటూనే చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయింది. లాండ్రీలో ఇస్త్రీ పని. కాస్త ఆలస్యమైతే యజమాని ముఖం చిటపటలాడుతుంది.

పెద్దక్క మూత తీసి చూసింది. కాసిని యాపిల్ ముక్కలు. తొక్క తీసి, కాగితంలా పల్చగా కోసినవి.

"ఇదేం తిండిరా? పిచ్చుకకి వేసినట్టు!"

మంచం మీద తమ్ముడు నవ్వాడు. లిఫ్టులు బాగుచేసే పని వాడిది. రెండు కిడ్నీలూ చెడిపోయాక పని మానేసి, వారానికి రెండుసార్లు ఆస్పత్రిలో యంత్రం మీద రక్తం శుభ్రం చేయించుకుంటున్నాడు. మళ్ళీ వంతు రేపు పొద్దున. తల్లి పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది పెద్దక్కే. అలాంటి మనిషి చేతులు కట్టుకుని కూర్చోగలదా? మొన్న సాయంత్రం ఊరి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ సర్దిన గిన్నెలే సర్దుతోంది, తుడిచిన బల్లే తుడుస్తోంది.

పైగా ఆమె మనసులో ఇంకొకటి మెదులుతోంది. నిన్న మందుల కోసం వెళ్ళినప్పుడు ఆస్పత్రి వరండాలో గోడకి ఒక పటం చూసింది. ఒక పక్క యాపిల్, ఒక పక్క అరటిపండు. రెండింటి కిందా రంగురంగుల గీతలు, గీతల పక్కన రాతలు. పెద్దక్కకి చదువు రాదు. కానీ పొడుగేదో పొట్టేదో చూడటానికి చదువెందుకు? యాపిల్ కింద గీతలన్నీ గిడసబారిపోయి ఉన్నాయి. అరటిపండు కింద ఊదారంగు గీత ఒకటి పటం అంచుదాకా సాగిపోయింది. 'చూశావా, యాపిల్‌ది పేరు గొప్ప, ఊరు దిబ్బ,' అనుకుంది అప్పుడే.

వీధి మలుపులో పళ్ళబండి ఉంది. వెళ్ళి, బాగా మగ్గిన పళ్ళు ఏరుకుని తెచ్చింది. ఒలిచి చేతికిచ్చింది.

"తినరా. ఆస్పత్రివాళ్ళే గోడెక్కించారు దీని బలం."

తమ్ముడు పండు వంక చూశాడు, అక్క ముఖం వంక చూశాడు. తిన్నాడు. ఇంకోటి ఇచ్చింది, అదీ తిన్నాడు. మూడోది అడిగి మరీ తిన్నాడు. పెద్దక్కకి కడుపు నిండిపోయింది. ఎన్నాళ్ళకి ముఖాన కళ వచ్చింది, అనుకుంది.

మధ్యాహ్నం మరదలు ఫోన్ చేసింది. వెనక ఇస్త్రీ యంత్రాల బుసలు.

"వదినా, పొద్దున హడావిడిలో చెప్పడం మరిచిపోయాను. మలుపులో అరటిపళ్ళ బండి ఉంటుంది. ఆయన కొనమని అడుగుతారేమో, కొనకు. వాటిలో పొటాషియం ఎక్కువ. మనకి మంచిదే, ఆయనకి ప్రాణం మీదకొస్తుంది. వింటున్నావా?"

"ఊ," అంది పెద్దక్క. అవతల ఎవరో కేకేస్తే మరదలు ఫోన్ పెట్టేసింది.

పెద్దక్క ఒక్క అంగలో మంచం దగ్గరికి వచ్చింది. "ఒరేయ్, అరటిపండు నువ్వు తినకూడదటగా!"

"తెలుసక్కా."

"తెలిసీ తిన్నావా?"

"ఆరు నెలలైంది నోట్లో పెట్టి. అదీకాక నువ్వు ఒలిచి ఇస్తుంటే వద్దని ఎలా అనను?"

"చావు దగ్గర కూడా మొహమాటమేంట్రా నీకు!"

"ఏం కాదులే. రేపు పొద్దున యంత్రం ఉందిగా. మా ఆవిడకి మాత్రం చెప్పకు. ఇద్దర్నీ కలిపి ఇస్త్రీ చేసేస్తుంది."

వాడు నవ్వాడు. ఆమెకి నవ్వు రాలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళింది, వంటగదిలోకి వెళ్ళింది, ఎందుకు వెళ్ళిందో గుర్తురాక తిరిగొచ్చింది. తొక్కలు చెత్తబుట్టలో పైకే కనబడుతున్నాయని కాగితం కప్పింది. కప్పిన చేతిని చూసుకుని సిగ్గుపడి, కాగితం తీసేసింది. చెబితే మరదలు ఏమంటుందో. చెప్పకపోతే? మింగలేదు, కక్కలేదు. వాడి నుదుటి మీద చెయ్యి వేసింది, నాడి పట్టుకుంది.

"అక్కా, నీ తిరుగుడికి నాకు గాలి ఆడట్లేదు, కాస్త కూర్చో," అన్నాడు వాడు. కాసేపాగి, "కాళ్ళు బరువుగా ఉన్నాయేంటో," అన్నాడు.

అంతే. పెద్దక్క ఫోన్ అందుకుంది. "అమ్మాయ్, తిట్టుకుంటే తర్వాత తిట్టుకో. నేను వాడికి అరటిపండు పెట్టాను. కాళ్ళు బరువంటున్నాడు. వచ్చెయ్."

మరదలు తిట్టలేదు. ఆటో మాట్లాడుకుని వచ్చేసింది, మెడ నిండా చెమటతో. తమ్ముణ్ణి ఎక్కించుకుని ముగ్గురూ అదే ఆటోలో ఆస్పత్రికి వెళ్ళారు.

నర్సు అడిగింది, "ఎన్ని తిన్నారు?"

"ఒక్కటే," అన్నాడు తమ్ముడు, అక్క వైపు చూడకుండా.

"ఒక్కటేనా? రక్తం తీసి పంపుతాను. రిపోర్టు వచ్చేదాకా ఆ బెంచీ మీద కూర్చోండి."

మరదలు పక్కనే ఉంది. తమ్ముడు కళ్ళతో వద్దంటున్నాడు.

"మూడు," అంది పెద్దక్క. "ఒకటి కాదమ్మా, మూడు. నేనే ఒలిచిచ్చాను. గోడ మీద పొడుగు గీత చూసి మంచిదనుకున్నాను."

నర్సు ఇక బెంచీ మాట ఎత్తలేదు. వాణ్ణి పడుకోబెట్టి గుండె పరీక్ష చేశారు. డాక్టరు వచ్చి కాగితం చూసి, వెంటనే ఇంజెక్షన్ ఇమ్మన్నాడు. ఒక యంత్రం ఖాళీగా ఉంటే, రేపటిదాకా ఆగకుండా దాని మీదకి చేర్చారు.

"పండులో దోషం లేదమ్మా," అంది నర్సు బయటికొచ్చి. "మీరు రోజూ తినండి. ఆ పొడుగు గీత పొటాషియందే, ఆయన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. అది రక్తంలో నిలిచిపోయి గుండె మీదకొస్తుంది. యాపిల్‌లో తక్కువ కాబట్టి కొద్దిగా పెట్టచ్చు. ఇప్పుడు చూస్తున్నాంగా, కంగారుపడకండి."

పెద్దక్క సంచీ భుజాన వేసుకుంది. "నేను ఊరెళ్ళిపోతానే అమ్మాయ్. నా చేతి తిండి వాడికి అచ్చిరాదు."

"ఎక్కడికి వెళ్తావు?" మరదలు సంచీ పట్టుకుని లాగి, ఆమెని బెంచీ మీద కూర్చోబెట్టి తనూ కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నాకు కోపం లేదనుకోకు, చాలా ఉంది. ఇంటికెళ్ళాక ఆయన్నీ కడిగేస్తాను. కానీ రేపు నేను పనికి వెళ్తే ఎవరుంటారు? నువ్వు మూడని చెప్పావు. ఆయన్ని నమ్ముకునుంటే ఒకటనే ఉండిపోయేది."

"అయితే చెప్పు. జామపండు?"

"వద్దు."

"బంగాళాదుంప?"

"అడక్కుండా ఏదీ వద్దు వదినా. నన్ను అడిగి పెట్టు. పదిసార్లు ఫోన్ చెయ్యి, పర్లేదు."

లోపల యంత్రం కీచుమంది. ఇద్దరూ ఒక్కసారే లేచారు. గొట్టం సరిచేసి నర్సు ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపింది. అద్దం అవతల తమ్ముడు కళ్ళు తెరిచి, వీళ్ళిద్దర్నీ పక్కపక్కన చూసి, భయంగా మళ్ళీ మూసుకున్నాడు.

"నటిస్తున్నాడు," అంది మరదలు.

"చిన్నప్పట్నుంచీ అంతే," అంది పెద్దక్క.

అయినా ఇద్దరిలో ఎవరూ కూర్చోలేదు.