జీడిపప్పు నాగు

గుండుపప్పు ఒకవైపు, బద్ద ఒకవైపు, ముక్క ఇంకోవైపు. సింహాచలం చేతులు వాటంతటవే ఏరుకుపోతున్నాయి. చిన్నతనంలో జీడిపిక్కలు కొట్టినప్పుడు వేళ్లకు పట్టిన జీడి మరక ఇన్నేళ్లయినా వదల్లేదు. పలాసలోని ఆ చిన్న ఫ్యాక్టరీలో అతన్ని ఎవరూ ప్రత్యేకంగా తలుచుకోరు. అతను లేనినాడు మాత్రం సరుకు కలగాపులగమవుతుంది.

రాశిలో ఒక పప్పు కనిపించింది. మాడి, మెలితిరిగి, కొస దగ్గర పడగ విప్పినట్టుంది. ఏ రకంలోనూ పడదు. జేబులో వేసుకున్నాడు. ఎంత తాలు సరుకుకైనా ఎక్కడో ఒక గిరాకీ ఉంటుందని అతని లెక్క.

గిరాకీ సాయంత్రానికే తగిలింది. ఆదివారాలు మేనకోడలు సౌజన్య అరుగు మీద ఆట ఉంటుంది. విశాఖలో నర్సింగు చదువుతూ నేర్చుకొచ్చింది. ఆమె కథ చెబుతుంది. ఆడేవాళ్లు అందులో తలా ఒక మనిషై ఏం చేస్తారో చెబుతారు. ఫలితం ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఆటో తోలే శివాజీ అందులో కత్తివీరుడు. సింహాచలం ఓడ వర్తకుడు రత్నశెట్టి. సుద్ద గీతల మీద పాత చొక్కా ఇత్తడి గుండీ అతని గుర్తు. ఇచ్ఛాపురం దాటని సింహాచలం రత్నశెట్టిగా ఏడు సముద్రాలూ చుట్టాడు. ఆ కథలో చచ్చినవాడు మళ్లీ లేవడు. అది ఆట నియమం.

సౌజన్య మాడిన పప్పును చూసి మురిసిపోయి, సుద్దతో గీసిన గుహ ద్వారంలో పెట్టింది.

"కాలకూట నాగు. కాటేత్తే బతకడం కష్టం మావా."

"సందెయేళ ఆ పేరెత్తకు. పురుగను," అన్నాడు సింహాచలం.

శివాజీ వీరుడు గాయపడి గుహలో వెనకున్నాడు. కత్తి రత్నశెట్టి చేతికొచ్చింది.

"కొట్టీ బావా! ఏటి సూత్తన్నావు?" అన్నాడు శివాజీ.

సింహాచలం రెండు చేతులూ జోడించాడు. "నీ దారిన నువ్వెల్లు తల్లీ, నా దారిన నానెల్తాను."

"మావా, ఇది ఆట! దండమెడితే నీ వంతు పోద్ది."

"ఆటైతే ఏటి? ఏటా పుట్టకాడ పాలోసి, ఇక్కడ కత్తెత్తనా?"

నాగు కాటేసింది. పాచిక దొర్లి మూడు దగ్గర ఆగింది. బతకాలంటే పదైనా పడాలి; రత్నశెట్టి పని అయిపోయింది.

"పోనీ, కొట్టావనే అనుకుందాం," అంది సౌజన్య, గొంతు తగ్గించి.

అతను గుండీని కాసేపు చూశాడు. అంత దూరాలు తిప్పిన గుండీ.

"తూకమయ్యాక రాయి మార్చకూడదమ్మీ." తర్వాత శివాజీ వైపు తిరిగాడు. "అది నన్ను కరిసేలోగా నువ్వు బయటపడ్డావా, లేదా?"

"పడ్డాను బావా."

"అయితే బేరం గిట్టింది."

"ఇంతోటి బేరగాడివి, పురుగుతో బేరం కుదరలేదేటి?" అన్నాడు శివాజీ. సింహాచలం అందరికన్నా గట్టిగా నవ్వాడు.

"వచ్చేవారం కొత్తోడిగా వద్దువు గానీ, మావా."

"ఈసారి పడవోణ్ణి సెయ్యి. బారువ రేవులో పుట్టినోణ్ణి." చెప్పులు వేసుకుని, తువ్వాలు దులిపి, తృప్తిగా ఇంటిదారి పట్టాడు.

సౌజన్య పాచిక తీసి దాచింది. సుద్ద గుహలోవి తీయడానికి చెయ్యి రాలేదు. నల్లని పప్పు పడగ నీడన ఇత్తడి గుండీ ఇంకా మెరుస్తూనే ఉంది.